దీపం దిగనన్న పాతర

ఒకానొక రాజ్యంలో, దాని పేరు తుమ్మెదకోట అనుకుందాం, భువనకేసరి అనే రాజు ఉండేవాడు. రాజ్యం చిన్నది. రాజుగారి మీసం మాత్రం పెద్దది. తన తెలివి మీద ఆయనకున్న నమ్మకం మీసం కంటే పెద్దది.

ఆయనకొక అలవాటు ఉండేది. ఎదుటివాడు మాట పూర్తిచెయ్యకముందే చెయ్యెత్తి "చాలు" అనేవాడు. సగం వింటే మిగతా సగం తనకే తెలిసిపోతుందని ఆయన ఉద్దేశం. చెరువు గట్టు తెగేలా ఉందని మంత్రి చెప్పబోతే "చాలు" అనేవాడు. పులుసులో ఉప్పు రెండుసార్లు పడిందని వంటవాడు చెప్పబోతే "చాలు" అని, ఆ పులుసే తిని, ముఖం అదోలా పెట్టుకునేవాడు. ఎవరూ నవ్వేవారు కాదు. నవ్వు ఎప్పుడు ఆపుకోవాలో సభల్లో బతికేవాళ్లకి ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఏటా వానలు వెనకబట్టగానే ఆయన ఒక నిధివేట పెట్టేవాడు. కోటలో ఎక్కడో ఒక చిన్న పెట్టె దాచి, దాని జాడ చెప్పే పొడుపుకథ తానే అల్లి, చాటింపు వేయించేవాడు. తెచ్చినవాడికి పెట్టెలోది బహుమానం. ఎవరూ తేలేకపోతే రాజే అందరినీ వెంటబెట్టుకుని వెళ్లి, తన చేత్తో పైకి తీసి చూపించాలి. ఈ పద్ధతి ఊరికే పుట్టలేదు. ఆయన అసలేమీ దాచడం లేదని ఒక ఏడు జనం గుసగుసలాడుకున్నారు. ఆ మాట చెవిన పడ్డప్పటినుంచి దాచినవాడే తీసి చూపించడం కోటలో ఆనవాయితీ అయింది.

ఇంతవరకు బాగానే ఉంది. బాగాలేనిది తర్వాత వస్తుంది. ఓడిపోయినవాళ్లలో తనకి నచ్చినవాణ్ణి ఒకణ్ణి ఏరుకుని, నిండుసభలో వాడి ముఖానికి దీపపు మసి పూయించి, పొద్దువాలేదాకా సభ గడప దగ్గర కూర్చోబెట్టేవాడు. అది వినోదమన్నాడు. రాజు వినోదమన్నాక సభకీ వినోదమే.

కిందటేడు ఆ మసి విద్దనాచార్యుల ముఖానికి పూశారు.

విద్దనాచార్యులంటే ఎవరో కాదు. భువనకేసరి చిన్నప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించినాయన. తలంతా నెరిసిపోయినా వీపు వంగని మనిషి. ఆయన ముఖాన మసి పూస్తుంటే సభలో ఎవరికీ ఊపిరాడలేదు. నవ్వాలో వద్దో తెలియక అందరూ రాజు ముఖం చూస్తున్నారు. రాజుకి కూడా ఒక్క క్షణం ఇబ్బందిగానే అనిపించింది. సరిగ్గా అప్పుడు బొల్లన నోరు విప్పాడు.

బొల్లన ఆ కొలువులో చమత్కారి. ఎంతటి వాడినైనా ఒక్క మాటతో కూలదొయ్యగలవాడని పేరు. చదువుకున్నది విద్దనాచార్యుల దగ్గరే. తాటాకు మీద గంటంతో గీసి, ఆపైన మసి పూస్తే అక్షరాలు నల్లగా తేలతాయన్నది ఆయన నేర్పిన మొదటి సంగతి. ఆ రోజు సభలో లేచి బొల్లన ఇలా అన్నాడు:

"ప్రభూ, ఒట్టి తాటాకుకి మసి పూసినా లోపల దాక్కున్న అక్షరాలు బయటపడతాయి. ఆచార్యులవారికి ఇంత పూశాం, ఒక్కటీ బయటపడలేదేం?"

సభ పగలబడి నవ్వింది. రాజు మీసం ఊగేలా నవ్వాడు. తన మాటకి తానే మురిసిపోయి బొల్లన కూడా నవ్వాడు. ఆచార్యులు వెళ్లి గడప దగ్గర కూర్చున్నారు. పొద్దువాలాక లేచి, ఉత్తరీయం తలమీద కప్పుకుని ఇంటికి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆయన కొలువుకి రాలేదు.

బొల్లనకి తన మాట ఎంత చెడ్డదో ఆ సాయంత్రమే తెలిసివచ్చింది. భోజనానికి కూర్చుంటే సయించలేదు. మర్నాడు వెళ్లి కాళ్లమీద పడదామనుకున్నాడు, సిగ్గేసింది. ఆ మర్నాడు ఇంకా సిగ్గేసింది. ఇలాంటి వాటితో వచ్చిన చిక్కే ఇది, వాయిదా వేసినకొద్దీ కాలు ముందుకి పడదు. చివరికి గురువుగారి వీధి తప్పించుకుని, చుట్టూ తిరిగి కోటకి వెళ్లడం అలవాటైపోయింది. ఊరందరికీ చమత్కారాలు పంచేవాడు ఒక వీధిలోకి అడుగుపెట్టలేక తిరుగుతున్నాడని ఎవరికీ తెలియదు. అతనికి తెలుసు, అది చాలు.

ఇక ఈ ఏటి కథకి వద్దాం.

కోట వెనక పాత కొఠారు ఉంది. అక్కడ ధాన్యం దాచే పాతరలుండేవి. పాతరంటే నేలలో బావిలా లోతుగా తవ్వి, లోపల మట్టి మెత్తి, గింజలు పోసి, పైన బండ మూసే గొయ్యి. ఆ ఏడు వానలకి ఒక పాతరలోకి చెమ్మ దిగి, అడుగున మిగిలిన జొన్నలు తడిసి మురిగాయి. కొఠారు చూసే నూకయ్య బండ తీయించి, తాడుకి దీపం కట్టి లోపలికి దించుతుంటే రాజు అటుగా వచ్చాడు.

దీపం సగందాకా దిగింది. ఒత్తి ముడుచుకున్నట్టు చిన్నదై, పుటుక్కున ఆరిపోయింది. ప్రమిదలో నూనె ఉంది. గాలి వీయలేదు. నీటిచుక్క పడలేదు.

రాజు మెడ వంచి చూశాడు. "మళ్లీ దించు" అన్నాడు. మళ్లీ ఆరిపోయింది.

"ఏమిటీ వింత?"

"వింత కాదు ప్రభూ. ఇలా ఆరిపోయిందంటే అందులోకి మనిషి..." అని నూకయ్య మొదలుపెట్టాడు.

"చాలు" అన్నాడు రాజు. ఆయన కళ్లు అప్పటికే మెరుస్తున్నాయి. ఈ ఏటి పొడుపుకథ ఆయనకి దొరికేసింది.

పెట్టెలో ఒక బంగారు కడియం పెట్టి, తన చేత్తో తాడు కట్టి ఆ పాతరలోకి దించి, తాడు కొస కూడా లోపలికి జారవిడిచాడు. బండ మూయవద్దన్నాడు, కాపలా తీసేయమన్నాడు. ఎవరికైనా చెప్పావంటే తల ఉండదని నూకయ్యకి చెప్పాడు. పాపం నూకయ్యకి చెప్పాలని ఉంది, తల కూడా ఉండాలని ఉంది.

చాటింపు ఇలా పడింది: "కడుపునిండా తిండి ఉండగానే చచ్చేవాడు ఒకడున్నాడు. గాలి వీయదు, చస్తాడు. నీళ్లు పడవు, చస్తాడు. వాడు ఎక్కడ చస్తాడో అక్కడ రాజుగారి పెట్టె ఉంది. వెతికేవాడు ఒంటరిగా వెళ్లాలి. తన కాళ్లతో వెళ్లి తన చేతులతో తీయాలి. తాళ్లు, కొక్కేలు, సాయగాళ్లు చెల్లరు. సభ రోజు దాకా గడువు."

ఇక చూడాలి కొలువువాళ్ల అవస్థ. తిండి ఉండీ చచ్చేవాడంటే రోగిష్టే అయ్యుండాలని మంత్రి ఊళ్లో వైద్యుల ఇళ్లన్నీ గాలించాడు. మంచాన పడ్డవాళ్ల తలగడల కింద చెయ్యిపెట్టి చూశాడు. సేనాపతి తన సైన్యంలో బాగా తిని ఏ యుద్ధమూ లేకుండా పోయినవాళ్లు ఎవరెవరో గుర్తుచేసుకుని, వాళ్ల సమాధుల చుట్టూ పార పట్టుకుని తిరిగాడు. ఇద్దరి పరువూ సమంగా పోయింది.

బొల్లన ఆ సాయంత్రం ఇంట్లో దీపం ముందు కూర్చుని అన్నం తింటున్నాడు. చూపు దీపం మీద పడింది. దీని తిండి నూనె. గాలికి ఆరుతుంది, నీళ్లకి ఆరుతుంది, అవి రెండూ లేకుండా ఎక్కడ ఆరుతుంది? చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

అతని సొంత ఊరు జొన్నల సీమ. ఇంటింటికీ పాతర ఉంటుంది. అక్కడ పాతర తెరిస్తే ఎవరూ వెంటనే దిగరు. మూత తీసి వదిలేస్తారు. ఆకుల కొమ్మలు తాడుకి కట్టి, పైకీ కిందకీ ఆడించి లోపలి గాలిని కలుపుతారు. ఆ తర్వాత దీపం దించుతారు. దీపం వెలిగితేనే మనిషి దిగుతాడు. బొల్లన మేనమామ ఒకసారి తొందరపడి ముందే దిగాడు. నిచ్చెన చివరిమెట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. పిలిస్తే పలకలేదు.

బొల్లన చెయ్యి కడుక్కుని కోటకి పరుగెత్తాడు. "ప్రభూ, ఆ పెట్టె ఉన్నచోటు..." అన్నాడు.

రాజు చెయ్యెత్తాడు. "చాలు. జాడ అడిగితే ఓడిపోయినట్టే. సభలో కనిపించు."

మర్నాడు తెల్లవారుతుండగానే బొల్లన చిన్న దీపం పట్టుకుని పాత కొఠారుకి వెళ్లాడు. ఆ పాతర ఏదో చూసి, బండ మూసేసి రావాలని అతని ఆలోచన. వెళ్లేసరికి ఒక పాతర మూతికి నిచ్చెన దించి ఉంది. పక్కన ఉత్తరీయం మడతపెట్టి ఉంది. విద్దనాచార్యులు పంచె ఎగగట్టి, మొదటి మెట్టు మీద కాలు పెట్టబోతున్నారు.

"ఆచార్యా" అన్నాడు బొల్లన. ఏడాది తర్వాత ఆయనతో అతనన్న మొదటి మాట అది.

ఆయన తిరిగి చూశారు. "నువ్వా."

"అందులోకి దిగవద్దు."

"ఏం? నాకు పొడుపు విడలేదనుకున్నావా? వాడు దీపం. ఇప్పుడే దించి చూశాను, ఆరిపోయింది. పెట్టె ఇక్కడే ఉంది."

"అందుకే దిగవద్దంటున్నాను. దీపం బతకని చోట మనిషి కూడా బతకడు. మా మేనమామ..."

"నీకు మేనమామలు ఎందరైనా ఉంటారు" అన్నారు ఆచార్యులు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నేను వెనక్కి తిరగ్గానే నువ్వు దిగుతావు. సభలో పెట్టె చూపించి, ముసలాయన నిచ్చెనదాకా వచ్చి జడిసి పారిపోయాడని చెబుతావు. దానికి తగ్గ మాట కూడా ఈపాటికి అల్లే ఉంటావు. నాకు ఇంకేమీ వద్దు బొల్లనా. ఒక్కసారి నిండుసభలో పెట్టె పట్టుకుని నిలబడాలి. ఆ తర్వాత ఇంట్లోనే ఉంటాను."

బొల్లన చెబుతున్నది నిజం. కానీ ఆ నిజాన్ని నమ్మించే నోరు తనకి లేదు. దాన్ని కిందటేడు సభలోనే పోగొట్టుకున్నాడు. చెయ్యి పట్టుకుని లాగితే ఇవాళ ఆగుతారు, రేపు మళ్లీ వస్తారు. బండ మూసినా తీయించుకుంటారు. ఆయన కాలు మెట్టు మీద పడింది.

"ఆచార్యా, పెట్టె అందులో లేదు" అన్నాడు బొల్లన. "నిన్ననే నేను తీసేశాను."

కాలు ఆగింది. ఆయన మెల్లగా పైకి వచ్చి, పంచె దించుకుని, ఉత్తరీయం భుజాన వేసుకున్నారు.

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా?" అన్నారు. ఆయనే జవాబు చెప్పుకున్నారు. "నన్ను నిచ్చెన మీద చూద్దామని ఆగావన్నమాట."

బొల్లన కాదనలేదు. కాదంటే అబద్ధం బయటపడుతుంది. ఆయన వెళ్లిపోతుంటే నేల చూస్తూ నిలబడ్డాడు. తన జన్మలో అంత నీచంగా తనకి తాను ఎప్పుడూ కనిపించలేదు. ఆయన కనుమరుగయ్యాక నిచ్చెన పైకి లాగి, బండ మూసి, దాని మీద కూర్చుని ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. మిగతా కొలువువాళ్ల గురించి అతనికి దిగులు లేదు. వాళ్లెవరూ ఇక్కడిదాకా రారు.

సభ రోజు వచ్చింది. మంత్రి తల అడ్డంగా ఊపాడు. సేనాపతి పార ఇంట్లోనే వదిలి వచ్చాడు. రాజు చూపు వాళ్ల మీద నిలవలేదు. చాలా ఏళ్లుగా ఆయన కన్ను బొల్లన మీదే ఉంది.

"ఏమోయ్ బొల్లనా, పెట్టె ఏది?"

"తేలేదు ప్రభూ. ఓడిపోయాను."

రాజు సింహాసనం మీద ముందుకి జరిగాడు. ఆయన ఆనందం చూస్తే ముచ్చటేస్తుంది. "మసి తీసుకురండి" అన్నాడు. సేవకుడు మసిగిన్నె పట్టుకుని పరుగున వచ్చాడు.

"తప్పకుండా పూయించుకుంటాను" అన్నాడు బొల్లన. "కానీ ఎవరూ తేలేదు కనక ముందు ప్రభువులు పెట్టె తీసి చూపించాలి. అది కోట ఆనవాయితీ. లేకపోతే జనం మళ్లీ ఏదో ఒకటి అంటారు."

జనం మాట వినగానే రాజు లేచాడు. సభంతా వెంటనడిచింది. మసిగిన్నె పట్టుకున్నవాడు కూడా నడిచాడు. కొఠారు దగ్గర నూకయ్య గుటకలు మింగుతూ బండ తీయించాడు. నిచ్చెన దించారు. పొడుపు ఎలా విడుతుందో రాజు అందరికీ వివరించాడు, దీపం దించి చూపించాడు. అది సగంలోనే ఆరిపోయింది. అందరూ ఆహా అన్నారు. రాజు పట్టుపంచె ఎగగట్టుకుని నిచ్చెన పట్టుకున్నాడు.

"ప్రభూ, ఒక్క మనవి" అన్నాడు బొల్లన. కొఠారు గోడవారన బోర్లించి ఉన్న పెద్ద బాన చూపించాడు. "పాతరలో దీపం నిలవలేదు. ప్రభువులు నిలుస్తారు, అందులో ఎవరికీ సందేహం లేదు. కానీ మంత్రిగారికి కొంచెం ఉన్నట్టుంది."

మంత్రి ఉలిక్కిపడ్డాడు. ఆయనకి ఏ సందేహమూ లేదు. అసలు ఆయనకి ఎప్పుడూ ఏమీ ఉండదు.

"అందుకని ఈ బాన కింద ముందు దీపం పెడదాం. తర్వాత ప్రభువులు తల పెట్టాలి. దీపం కంటే ప్రభువులే గొప్పవారని లోకానికి తెలుస్తుంది."

"దీపంతో నాకు పోటీయా" అని రాజు నవ్వాడు. "కానీ."

చదును చేసిన నేల మీద దీపం వెలిగించి, బాన బోర్లించి, అంచు చుట్టూ తడిగుడ్డ నొక్కారు. కాసేపాగి ఎత్తి చూస్తే దీపం ఆరిపోయి ఉంది. ఒత్తి ఉంది, నూనె ఉంది. ఇప్పుడు రాజు పీట మీద కూర్చున్నాడు. కిరీటం తీసి మంత్రి చేతికిచ్చాడు. బాన ఆయన తలమీద బోర్లించి, భుజాల చుట్టూ తడిగుడ్డ కట్టారు. చూడ్డానికి బాన ఒకటి పట్టుపంచె కట్టుకుని కొలువు తీరినట్టుంది. ఎవరూ నవ్వలేదు, చెప్పానుగా.

"చూశారా" అని బానలోంచి గంభీరంగా వినిపించింది. "నేనెలా ఉన్నానో చూశారా. మా వంశంలో..."

వంశం గురించి తాతల దాకా వచ్చాడు. ముత్తాత దగ్గర గొంతు కొంచెం మందగించింది. ఆ తర్వాత మాటల మధ్య ఆయాసం వచ్చింది. ఆ పైన మాటలు పోయి ఆయాసం ఒక్కటే మిగిలింది. ఉన్నట్టుండి రెండు చేతులూ గాలిలో కొట్టుకున్నాయి. బొల్లన గభాల్న గుడ్డ విప్పి బాన ఎత్తేశాడు. రాజు ముఖం ఎర్రగా ఉంది, మీసం చెమటకి అతుక్కుపోయింది, నోరు తెరిచి గాలి తాగుతున్నాడు.

"ఏముంది అందులో?" అన్నాడు, మాట రాగానే.

"ఏమీ లేదు ప్రభూ. వచ్చిన చిక్కు అదే."

రాజు అతనికేసి చూశాడు.

"దీపమూ మనమూ ఒకే విస్తట్లో తింటాం" అన్నాడు బొల్లన. "గాలిలో మనకి పనికొచ్చే భాగం కొంచెమే ఉంటుంది. అది అయిపోతే మిగిలేది ఎంగిలి. బానలో మీరు తిన్నారు, ఎంగిలి మిగిలింది. పాతరలో తడిసి మురిగిన జొన్నలు ఎప్పుడో తినేసి కూర్చున్నాయి. ఆ ఎంగిలి గాలి బరువైనది, తనంతట తాను పైకి రాదు. అడుగునే ఉంటుంది. బానకైతే ఎత్తడానికి నేనున్నాను. అక్కడ ఎత్తేవాడు ఉండడు. ఒంటరిగా వెళ్లాలన్నది తమరి నియమం."

రాజు చూపు నిచ్చెన మీదికి మళ్లింది. బొల్లన వైపు తిరిగి అడిగాడు: "నీకు పొడుపు ఎప్పుడు విడింది?"

"చాటింపు విన్న రోజే."

"మరి పెట్టె ఎందుకు తేలేదు?"

"విప్పినవాడు దిగుతాడు. దిగినవాడు తిరిగి రాడు. ప్రభువులు అల్లిన పొడుపులో తెలివిలేనివాళ్లు మాత్రమే బతుకుతారు. చూడండి, కొలువంతా ఎంత ఆరోగ్యంగా ఉందో."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. రాజు నవ్వలేదు. నూకయ్య వైపు తిరిగాడు. "నీకు తెలుసా ఈ సంగతి?"

"తెలుసు ప్రభూ. ఆ రోజు చెప్పబోయాను. తమరు చాలన్నారు."

భువనకేసరి తల దించుకున్నాడు. అంతవరకు ఆయన తల దించుకోగా ఆ రాజ్యంలో ఎవరూ చూడలేదు. మసిగిన్నె పట్టుకున్నవాడు దాన్ని మెల్లగా వెనక్కి దాచుకున్నాడు. ఇప్పుడది ఎవరి ముఖానికి పూయాలో వాడికి తోచలేదు.

"ఇంకెవరికైనా విడిందా?" అని రాజు చిన్న గొంతుతో అడిగాడు.

ఇక్కడ బొల్లన చమత్కారం అయిపోయింది. "విద్దనాచార్యులవారికి విడింది" అన్నాడు. "నిచ్చెన మీద కాలు పెట్టారు. నా మాట నమ్మలేదు. పెట్టె నేనే తీసేశానని అబద్ధం చెప్పి ఆపాను."

రాజు పీట మీద అలాగే కూర్చుండిపోయాడు. అక్షరాలు దిద్దించిన చెయ్యి ఆయన కళ్లముందు మెదిలి ఉంటుంది. కిందటేడు ఆ మనిషి ముఖాన మసి. ఈ ఏడు ఏకంగా ప్రాణం. రెంటికీ తను పెట్టిన పేరు వినోదం.

నూకయ్య చేత కొమ్మలు కట్టించి పాతర గాలి కలిపించారు. దీపం అడుగుదాకా వెలుగుతూ వెళ్లాకే రాజు దిగాడు. పెట్టె పట్టుకుని పైకి వచ్చి, కిరీటం పెట్టుకోకుండానే, కాలినడకనే విద్దనాచార్యుల ఇంటికి వెళ్లాడు. ఏడాదిగా తప్పించుకు తిరిగిన వీధిలోకి బొల్లన రాజు వెనక దాక్కున్నట్టుగా వచ్చాడు.

ఆచార్యులు అరుగు మీద కూర్చుని ఉన్నారు. రాజు అరుగు కింద, నేలమీద కూర్చున్నాడు.

"గురువుగారూ, కిందటేడు మీ పరువు తీశాను. ఈ ఏడు మీ ప్రాణం తీయబోయాను. రెండూ తెలివనుకున్నాను. నాకు ముఖం చెల్లడం లేదు."

జరిగినదంతా చెప్పాడు. పాతర సంగతి, బాన సంగతి, బొల్లన చెప్పిన అబద్ధం సంగతి. తన గొప్ప ఒక్కటీ చెప్పుకోలేదు. మసిగిన్నె ఇక సభలో కనబడదని మాటిచ్చాడు. ఆచార్యులు ఆయన తలమీద చెయ్యి వేశారు. "నువ్వు చిన్నప్పుడు కూడా పలక పగిలాకే మాట వినేవాడివి" అన్నారు. అప్పటికి రాజుకి నవ్వు వచ్చింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. పెట్టె తెరిచి, బంగారు కడియం తీసి, బొల్లన చేతికి తొడిగాడు.

"రెండు ప్రాణాలు నిలబెట్టావు. ఇది నీది."

బొల్లన దాన్ని తీసి ఆచార్యుల పాదాల దగ్గర పెట్టాడు. "పొడుపు విప్పింది మీరు కూడా. ఆ రోజు సభలో నేనన్న మాటకి ఇది సరిపోదని తెలుసు."

ఆచార్యులు కడియం వైపు చూడలేదు. "మసి ఆ సాయంత్రమే కుంకుడురసంతో పోయింది బొల్లనా" అన్నారు. "రాజు మీద నాకు కోపం కూడా దాంతోనే పోయింది. రాజులు అలాగే ఉంటారు. నువ్వు నా దగ్గర చదువుకున్నవాడివి. మసి పూస్తే అక్షరం తేలుతుందని నీకు చెప్పింది నేను. దాన్ని తీసుకొచ్చి నా మీదే వేశావు. అది దేనితో కడగాలో నాకు తెలియలేదు."

ఎవరు ఏమన్నా ఎదురు మాట సిద్ధంగా ఉంచుకునే బొల్లన తల వంచుకుని నిలబడ్డాడు. కళ్లనుంచి నీళ్లు అరుగు మీద పడుతున్నాయి. రాజు కూడా అతనికేసి చూడలేక పక్కకి తిరిగాడు.

ఆచార్యులు వంగి కడియం తీసుకున్నారు. అతని చెయ్యి పట్టుకుని, తానే తొడిగారు.

"ఉంచుకో. నన్ను బతికించావు, కాదనను" అన్నారు. "కానీ నన్ను బతికించడానికి నీకు అబద్ధం కావలసివచ్చింది. నిజం చెబితే నేను నమ్మలేదు. ఇకమీదట నువ్వు నిజం చెబితే నేను నమ్మేలా బతుకు."

"అలాగే గురువుగారూ" అన్నాడు బొల్లన.